యార్కు నగరమున దారిద్ర్యగణన: కాలాంతర తులనకు ఒక నిదర్శనము

ఒకానొక నగరమున ఒక సంవత్సరమున నూటికి ముప్పదిమంది దరిద్రులై యుండిరనియు, ఏబది సంవత్సరములకు ఆ సంఖ్య రెండునకు దిగెననియు చరిత్రగ్రంథములయందు చదివినపుడు, ఈ రెండు సంఖ్యలును ఒకే వస్తువును కొలిచినవని మనము సహజముగా భావింతుము. ధాన్యమును కొలుచునపుడు నిన్నటి మానికయు నేటి మానికయు ఒకటియే యైనచో నిన్న ఎంత, నేడు ఎంత యని చెప్పుటకు వీలగును. మానిక మారినచో ఆ మార్పునుగూడ లెక్కలోనికి తీసికొనవలసి యుండును. దారిద్ర్యగణనమందు మానిక మారకుండుటయే అరుదు. దరిద్రుడనగా ఎవడు, అతని రాబడిని ఎవరు ఏవిధముగా తెలిసికొనిరి, నూటికి ఇంతమంది యనునపుడు ఆ నూరుగురును ఎవరు అను మూడు ప్రశ్నలకును కాలము మారినకొలది సమాధానములును మారుచుండును. ఈ విషయమును ఇంగ్లండునందలి యార్కు నగర చరిత్రమును ఆధారముగా గొని ఇచట పరిశీలింపనెంచితిమి.

యార్కును గ్రహించుటకు కారణము కలదు. ఈ నగరమున 1899, 1936, 1950 సంవత్సరములలో మూడు పర్యాయములు దారిద్ర్యగణనము జరిగినది. మూడింటికిని కర్త ఒక్కడే: బి. సీబోం రౌంట్రీ (1871–1954). ఇతడు యార్కునందలి ప్రసిద్ధమైన కోకో, చాకొలెట్టు కర్మాగారపు యజమాని జోసెఫ్ రౌంట్రీ కుమారుడు. నగరము ఒకటి, పరిశోధకుడు ఒకడు, కాలము అర్ధశతాబ్ది. తులనకు ఇంతకంటె అనుకూలమైన సందర్భము ప్రపంచ చరిత్రమున మిక్కిలి అరుదు. ఇట్టి చోటగూడ సంఖ్యలను ఉన్నవి ఉన్నట్లు పక్కపక్కన పెట్టి పోల్చుటకు వీలులేదని తేలినచో, వేర్వేరు నగరములను వేర్వేరు పరిశోధకులు లెక్కించిన చోట్ల ఎంత జాగరూకత అవసరమో విశదమగును.

1. బూత్ చూపిన మార్గము

రౌంట్రీకి ముందు లండను నగరమున ఛార్లెస్ బూత్ (1840–1916) ఈ కార్యమునకు పూనుకొనెను. ఇతడు లివర్‌పూలునకు చెందిన నౌకావ్యాపారి. 1886లో ప్రారంభమైన ఇతని పరిశోధన 1889లో తొలి సంపుటముగా వెలువడి, 1902–03 నాటికి పదునేడు సంపుటముల మహాగ్రంథమైనది. బూత్ లండను జనులను ‘ఎ’ మొదలు ‘హెచ్’ వరకు ఎనిమిది తరగతులుగా విభజించి, మొదటి నాలుగు తరగతులవారిని దరిద్రులుగా గణించెను. వీరు నగర జనాభాలో నూటికి 30.7 మంది. మితమైన కుటుంబమునకు వారమునకు 18 మొదలు 21 షిల్లింగుల వరకు నిలకడగా రాబడి యున్నచో ఆ కుటుంబము ‘పేద’ యనియు, అంతకు తక్కువైనచో ‘నిరుపేద’ యనియు అతడు స్థూలముగా నిర్ణయించెను.

అయితే బూత్ ప్రతి యింటికిని పోయి రాబడిని విచారించినవాడు కాడు. పిల్లలను బడికి పంపించుచున్నారా లేదా యని వాకబు చేయుటకై ఇంటింటికి తిరుగుచుండిన స్కూలుబోర్డు ఉద్యోగుల నుండి అతడు సమాచారమును రాబట్టెను. వారు సంవత్సరముల తరబడి ఆ వీధులను ఎరిగినవారే. కాని వారు చెప్పినది చూపునుబట్టి చేసిన అంచనా. వీధివీధికి ఒక రంగును వేసి బూత్ రచించిన పటములు నేటికిని లండను నగర చరిత్రకారులకు ఉపయోగపడుచున్నవి. నలుపు అధమశ్రేణికిని, పసుపు ధనికులకును గుర్తు. అతని పరిశోధక బృందము వ్రాసికొనిన పుస్తకములుగూడ లండను స్కూల్ ఆఫ్ ఎకనామిక్సునందు భద్రముగా నున్నవి.

2. 1899 నాటి గణనము

బూత్ లెక్కలను చదివిన రౌంట్రీ, లండను వంటి మహానగరమున కనబడిన లేమి చిన్న పట్టణములందుగూడ ఉండునా యను సందేహముతో తన స్వస్థలమునే పరీక్షింపనెంచెను. అప్పటికి యార్కు జనాభా 75,812. కూలిమీద బ్రతుకు కుటుంబములు 11,560; అందలి వ్యక్తులు 46,754 మంది. పరిశోధకులు ఈ కుటుంబములన్నిటి ఇండ్లకును పోయి చూచిరి. ఫలితములు 1901లో గ్రంథరూపమున వెలువడినవి.

రౌంట్రీ దారిద్ర్యమును రెండు విధములుగా విభజించెను. రాబడి యంతయు ఒక్క కాసు వ్యర్థము కాకుండ వెచ్చించినను దేహబలమును నిలుపుకొనుటకు చాలని స్థితి ప్రాథమిక దారిద్ర్యము. రాబడి ఎట్లో చాలియుండెడిదే కాని, అందు కొంతభాగము ఇతర వ్యయములకు—అవి ఉపయోగకరములే యగుగాక, దుర్వ్యయములే యగుగాక—పోవుటచేత లేమి సంభవించిన స్థితి ద్వితీయ దారిద్ర్యము. మొదటిదానిని అతడు లెక్కకట్టి నిర్ణయించెను. ఆహారశాస్త్రజ్ఞుడైన ఆట్‌వాటరు పరిశోధనల ననుసరించి పనిచేయు పురుషునికి దినమునకు 3,500 కెలోరీల ఆహారము కావలెనని గ్రహించి, తలిదండ్రులు, ముగ్గురు బిడ్డలు గల కుటుంబమునకు వారపు వ్యయమును ఇట్లు నిర్ణయించెను: ఆహారమునకు 12 షిల్లింగుల 9 పెన్నీలు, ఇంటి అద్దెకు 4 షిల్లింగులు, బట్టలు, వంటచెరకు, దీపము మున్నగువానికి 4 షిల్లింగుల 11 పెన్నీలు, వెరసి 21 షిల్లింగుల 8 పెన్నీలు. తెలుగున కూడు, గుడ్డ, నీడ యని మనము చెప్పికొను మూడింటితోనే ఈ లెక్క ముగిసినది. వార్తాపత్రిక కొనుటకును, బండి యెక్కుటకును, ఊరనున్న బిడ్డకు జాబు వ్రాయుటకును ఇందు ఒక్క పెన్నీయైనను కేటాయింపబడలేదు.

ద్వితీయ దారిద్ర్యమునకు ఇట్టి లెక్క లేదు. పరిశోధకుడు ఇంటిని, పిల్లల ముఖములను, బట్టలను చూచి, ఇరుగుపొరుగువారిని విచారించి, ఇచట లేమి యున్నదని తలచినచో దానిని దారిద్ర్యమున చేర్చెను. ఆ మొత్తము నుండి లెక్కతో తేలిన ప్రాథమిక దారిద్ర్యమును తీసివేయగా మిగిలినది ద్వితీయము.

ఈ విధముగా ప్రాథమిక దారిద్ర్యమున 7,230 మందియు, ద్వితీయమున 13,072 మందియు, మొత్తము 20,302 మంది దరిద్రులని తేలినది. నగర జనాభాలో ఇది నూటికి 27.84. శ్రామికవర్గమును మాత్రమే గ్రహించినచో నూటికి 43.4. ప్రాథమిక దారిద్ర్యము నగరమున నూటికి 9.91, శ్రామికులలో 15.46.

27.84 అను సంఖ్య బూత్ చెప్పిన 30.7నకు సమీపముగా నుండుట చూచి, ఇంగ్లండు పట్టణములందెల్ల నూటికి పాతిక మొదలు ముప్పది మంది దరిద్రులే యని రౌంట్రీ భావించెను. లోకము దానిని అంగీకరించినది. మా యభిప్రాయమున ఈ పోలిక దృఢమైనది కాదు. ఒకటి స్కూలుబోర్డు ఉద్యోగుల అంచనా. వేరొకటి ఆహారపు లెక్కను, కంటిచూపును కూర్చిన మొత్తము. రెండును సమీప సంఖ్యలై నిలుచుట రెండు మానికలును ఒకటియే యని నిరూపింపజాలదు.

ఈ గ్రంథమందలి విలువైన భాగము, మా దృష్టిలో, కారణముల విచారణ. ప్రాథమిక దారిద్ర్యమున నున్నవారిలో నూటికి 51.96 మంది విషయమున కుటుంబ యజమాని నిలకడగా పనిచేయుచున్నను కూలి తక్కువగుటయే కారణము. బిడ్డలు ఎక్కువగుట 22.16 మందికి, సంపాదించువాడు మరణించుట 15.63 మందికి కారణములైనవి. త్రాగుడును సోమరితనమును పేదరికమునకు మూలములని ఆనాటి పెద్దలు చేయుచుండిన వాదమునకు ఇది గట్టి సమాధానము. ప్రమాణము అంత కఠినముగా నుండుటకుగూడ ఇదియే హేతువని జె. హెచ్. వైట్-విల్సన్ 1986లో ప్రతిపాదించెను. మానవుడు అంతమాత్రముతో బ్రతుకవచ్చునని చెప్పుట రౌంట్రీ యుద్దేశము కాదనియు, అత్యల్పమైన కొలతకుగూడ అందనివారు ఇందరున్నారని చూపుటయే అతని యుద్దేశమనియు ఆయన వాదము.

మరియొక విశేషము. శ్రామికుని జీవితమున లేమియు కలిమియు అలలవలె వచ్చుచుండునని రౌంట్రీ గుర్తించెను. బాల్యమున లేమి, తానును తోబుట్టువులును సంపాదించునపుడు కొంత ఊరట, వివాహమై బిడ్డలు కలిగినపుడు మరల లేమి, ఆ బిడ్డలు చేతికి అందివచ్చినపుడు ఊరట, వారు వేరై, తాను వృద్ధుడైనపుడు తుది లేమి. కాబట్టి ఒక దినమున లెక్కించిన దరిద్రుల సంఖ్యకంటె, జీవితమున ఏదో యొక దశయందు దారిద్ర్యమును అనుభవించినవారి సంఖ్య మిక్కిలి యధికము. నూటికి ఇంతమంది యని చెప్పు ఏ సంఖ్యయు ఈ విషయమును తెలుపదు.

3. 1936 నాటి గణనము

ముప్పది యేడు సంవత్సరముల పిమ్మట రౌంట్రీ తిరిగి యార్కును పరీక్షించెను. ఈ పర్యాయము 16,362 కుటుంబములు లెక్కింపబడినవి. గ్రంథము 1941లో వెలువడినది. ఈలోగా రౌంట్రీ మానవావసరములను గూర్చి వేరొక గ్రంథమును వ్రాసి, తన ప్రమాణమును పెంచియుండెను. ఐదుగురు గల కుటుంబమునకు, అద్దెగాక, వారమునకు 43 షిల్లింగుల 6 పెన్నీలు కావలెనని నూతన నిర్ణయము. ఇందు ఆహారమునకు 20 షిల్లింగుల 6 పెన్నీలు, బట్టలకు 8 షిల్లింగులు. వ్యక్తిగత వ్యయములకు 9 షిల్లింగులు. 1899లో నిషిద్ధములైన వార్తాపత్రిక, తపాలాబిళ్ళ, పనికి పోవుటకు బండిఖర్చు, సంఘపు చందాలు ఈ తొమ్మిది షిల్లింగులలో స్థానము సంపాదించినవి. రేడియోయు, కొంత పొగాకును, పండుగనాటి కానుకలునుగూడ అందులోనే. దారిద్ర్యమనగా దేహబలము నశించుట మాత్రమే కాదనియు, తోటివారితో కలిసి మెలసి బ్రతుకలేకపోవుటయు అందు భాగమేయనియు అతడు అంగీకరించినట్లయినది.

ఈ ప్రమాణము ననుసరించి శ్రామికులలో నూటికి 31.1 మంది దరిద్రులు. 1899 నాటి కఠిన ప్రమాణమును ధరల కనుగుణముగ సవరించి ప్రయోగించినచో, నూటికి 6.8 మంది మాత్రమే. నగరము ఒకటి, సంవత్సరము ఒకటి, ఇండ్లును అవియే. అయినను రెండు సంఖ్యలకును నడుమ నాలుగున్నర రెట్లకు పైగా అంతరము కలదు. పాత ప్రమాణమునుగూడ ప్రయోగించి చూపుట రౌంట్రీ చేసిన మహోపకారము. అట్లు చేయకుండినచో 1899తో పోల్చుటకు మనకు ఏ యాధారమును లేకుండెడిది.

ద్వితీయ దారిద్ర్యమును ఈ పర్యాయము లెక్కింపలేదు. చూపునుబట్టి చేయు నిర్ణయము కాలముతో మారుననియు, 1899లో చూచినవారి కన్నును 1936లో చూచినవారి కన్నును ఒకటి కాజాలవనియు తలచి రౌంట్రీ దానిని విడిచిపెట్టెను.

కారణములుగూడ మారినవి. నిలకడగా పనియున్నను కూలి చాలమి 32.8, నిరుద్యోగము 28.6, వృద్ధాప్యము 14.7 వంతులు. 1899లో నిరుద్యోగము 2.31 వంతు మాత్రమే యుండెను.

4. 1950 నాటి గణనమును, దాని ఫలితమును

మూడవ గణనమునందు జి. ఆర్. లేవర్సు రౌంట్రీకి సహకారి. ఈసారి ప్రతి యింటిని గాక, మచ్చుకు కొన్ని యిండ్లను మాత్రమే పరీక్షించిరి. 1936 ప్రమాణమునే సవరించి, అద్దెగాక, ఐదుగురి కుటుంబమునకు వారమునకు 5 పౌనుల 2 పెన్నీలు కావలెనని నిర్ణయించిరి. ఈ పెంపు ప్రధానముగా ధరల పెరుగుదలవలన కలిగినది. ఫలితము ఆశ్చర్యకరము: శ్రామికులలో నూటికి 2.77 మంది, నగర జనాభాలో 1.66 మంది మాత్రమే దరిద్రులు. కారణములలో వృద్ధాప్యము 68.1 వంతు, రోగము 21.3 వంతు. నిరుద్యోగము పట్టిక నుండియే తొలగినది.

1942 నాటి బెవరిడ్జి నివేదిక ననుసరించి కుటుంబభత్యముల చట్టము (1945), జాతీయ బీమా చట్టము (1946), జాతీయ సహాయ చట్టము (1948) వచ్చియుండెను. బెవరిడ్జి తన నివేదికలో రౌంట్రీ పరిశోధనలనే ఆధారముగా గొనెను. ఈ సంక్షేమ చర్యలు లేకున్నచో దారిద్ర్యము శ్రామికులలో నూటికి 22.18 యై యుండెడిదని రౌంట్రీ, లేవర్సులు లెక్కకట్టిరి. గ్రంథము 1951లో వెలువడినది. ఆ సంవత్సరముననే సార్వత్రిక ఎన్నికలును జరిగినవి. ఇంగ్లండున దారిద్ర్యము అంతరించినదను భావము పండితులయందును, పరిపాలకులయందును స్థిరపడినది.

ఈ భావము ఎవరికి నష్టమును కలిగించినదో ఆలోచింపవలెను. 2.77 అను చిన్న సంఖ్యలో మూడింట రెండువంతులు వృద్ధాప్యము పాలు. పని చేయలేనివారు, సంఘములు లేనివారు, తమ బాధను తామై చెప్పికొనజాలనివారు వీరే. సమస్య తీరినదని లోకము నమ్మినపుడు మిగిలినవారిని అడుగువారుండరు. 1954లో పీటర్ టౌన్‌సెండు ఈ పద్ధతిని విమర్శించెను. శాస్త్రజ్ఞులు కూర్చిన వస్తువుల పట్టికకును, శ్రామికకుటుంబములు నిజముగా చేయు వ్యయమునకును పొత్తు లేదని ఆయన యభిప్రాయము. 1965లో టౌన్‌సెండు, బ్రయన్ ఏబెల్-స్మిత్తులు ప్రకటించిన గ్రంథము, జాతీయ సహాయపు స్థాయికి నూటికి 140 వంతులను హద్దుగా గ్రహించి, 1960లో ఆ దేశమున నూటికి 14.2 మంది, అనగా దాదాపు డెబ్బదియైదు లక్షల మంది, ఆ హద్దునకు దిగువ నున్నట్లు చూపెను. అందు వృద్ధులే కాక పనిచేయుచున్నవారి బిడ్డలును ఉండిరి. పదునైదు సంవత్సరముల నమ్మకము దీనితో సడలినది.

యార్కు లెక్కలుగూడ తిరిగి పరీక్షింపబడినవి. 1950 నాటి గణనపత్రములలో మిగిలియున్నవానిని గ్రహించి, ఏ. బి. ఆట్కిన్‌సన్, ఆయన సహచరులు 1981లో పునఃపరిశీలన చేసి, దారిద్ర్యము ప్రకటిత సంఖ్యకంటె అధికమని చెప్పిరి. హాటన్, బెయిలీ అను ఆర్థిక చరిత్రకారులు 2000లో మరల శోధించి, దారిద్ర్యమును తగ్గించుటలో సంక్షేమ చట్టముల పాలు రౌంట్రీ చెప్పినంత లేదని తేల్చిరి.

5. మూడు సంఖ్యలను పోల్చు విధము

27.84, 31.1, 2.77 అను మూడు సంఖ్యలను వరుసగా వ్రాసి, దారిద్ర్యము మొదట పెరిగి పిదప కూలినదని చెప్పినచో అది మూడు విధముల దోషమగును. మొదటిది మొత్తము జనాభా లెక్క. తక్కిన రెండును శ్రామికుల లెక్కలు. మొదటిదానికి శ్రామికులలో 43.4 అను సంఖ్యను గ్రహించినను దోషము తీరదు. ఏలయన అందు చూపుతో చేసిన ద్వితీయ దారిద్ర్య నిర్ణయము కలిసియున్నది, రెండవదానిలో లేదు. మూడవ సంఖ్య మచ్చుపద్ధతి వలన వచ్చినది.

నిలువగల పోలికలు రెండే. ఒకటి, కఠిన ప్రమాణముతో 1899 నుండి 1936కు: 15.46 నుండి 6.8కు, అనగా సగమునకు తక్కువకు దిగుట. రెండవది, ఉదార ప్రమాణముతో 1936 నుండి 1950కి: 31.1 నుండి 2.77కు. ఇందు రెండవదానిపై పునఃపరిశీలకుల ఆక్షేపణలు కలవు. తగ్గుదల సత్యమే, దాని పరిమాణము చర్చనీయము. ఈ రెండు పోలికలను ఒకే గొలుసుగా కలిపి, ఏబది యొక్క సంవత్సరములకు ఒక్క తగ్గుదలను చెప్పుటకు వీలులేదు. నడుమ 1936లో మానిక మారినది.

ఈ సంఖ్యలకంటె కారణముల మార్పు మనకు నిశ్చయముగా కొంత చెప్పుచున్నది. తక్కువ కూలి నుండి నిరుద్యోగమునకు, అటనుండి వృద్ధాప్యమునకు దారిద్ర్యపు భారము జరిగినది. పట్టిక హద్దులు మారినను ఈ దిశ మారుటలేదు.

6. మన దేశమునందు

రౌంట్రీ గ్రంథము వెలువడిన 1901లోనే దాదాభాయి నౌరోజీ భారత దారిద్ర్యమును గూర్చిన తన మహాగ్రంథమును లండనులో ప్రకటించెను. అందలి ప్రధానాంశములను ఆయన 1876 నాటికే బొంబాయిలో చదివియుండెను. తలసరి సాలుకు ఇరువది రూపాయల రాబడిని కారాగారమున ఖైదీని పోషించు వ్యయముతో పోల్చిన ఆ పద్ధతి బూత్ పరిశోధనకు పూర్వపుది.

స్వాతంత్ర్యానంతరము ప్రమాణములు పలుమారులు మారినవి. 1979లో ప్రణాళికాసంఘపు నిపుణులు గ్రామములకు దినమునకు 2,400, పట్టణములకు 2,100 కెలోరీలను ఆధారముగా గొనిరి. 1993లో లక్డావాలా సంఘము రాష్ట్రములకు వేర్వేరు రేఖలను సూచించినది. 2009లో తెందూల్కర్ సంఘము కెలోరీల ఆధారమును విడిచి నూతన రేఖను గీచినది. 2014లో రంగరాజన్ సంఘము మరల మార్చినది.

వీని ఫలితము తెలుగుదేశమున స్పష్టముగా కాననగును. అప్పటికి అవిభక్తమైయుండిన ఆంధ్రప్రదేశమున 1993–94 సంవత్సరమునకు లక్డావాలా పద్ధతి ననుసరించి గ్రామములందు దారిద్ర్యము నూటికి 15.92, పట్టణములందు 38.33. అనగా పట్టణవాసి గ్రామవాసికంటె రెండింతలకు మించి దరిద్రుడు. అదే సంవత్సరమునకు తెందూల్కర్ పద్ధతిలో గ్రామములందు 48.1, పట్టణములందు 35.2. పట్టణసంఖ్య కొంచెము మాత్రమే మారినది, గ్రామసంఖ్య మూడింతలైనది, ఎవరు ఎక్కువ దరిద్రులను ప్రశ్నకు సమాధానమే తలక్రిందులైనది. ఆనాటి గ్రామీణ రేఖ వాస్తవ ధరలకంటె మిక్కిలి దిగువన గీయబడుటయే దీనికి మూలము. భారత పట్టణములన్నిటికి 2011–12లో తెందూల్కర్ పద్ధతిలో నూటికి 13.7, రంగరాజన్ పద్ధతిలో 26.4. యార్కునందు 1936లో చూచినదే ఇచటను కనబడుచున్నది.

ఇట్టి సంఖ్యలు పుస్తకములలో నిలిచిపోవునవి కావు. రేషను బియ్యము, పింఛను, ఇంటిస్థలము వంటివి ఎందరికి అను ప్రశ్న వచ్చినపుడు వీనినే ఆధారముగా గొందురు. రేఖ నాలుగు రూపాయలు దిగినచో ఎన్నో కుటుంబములు పేదల పట్టిక నుండి తొలగును. ఆ యిండ్లలో మాత్రము ఏ మార్పును కలుగదు.

7. పరిశోధకులకు విన్నపము

నగరముల దారిద్ర్యమును కాలాంతరమున పోల్చువారు ప్రతి సంఖ్య పక్కను నాలుగు విషయములను వ్రాసికొనవలెనని మా విన్నపము. హారము ఏది: నగరమంతయునా, శ్రామికులు మాత్రమేనా. రేఖయందు ఏయే వస్తువులు చేరినవి. రాబడిని, లేదా వ్యయమును, ఎవరినుండి తెలిసికొనిరి. ఇంటింటి లెక్కయా, మచ్చు లెక్కయా. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి మారినను, పాత ప్రమాణముతో కొత్త సమాచారమును తిరిగి లెక్కించినగాని పోలిక చెల్లదు. రౌంట్రీ 1936లో ఈ శ్రమను స్వయముగా చేసెను.

రెండవ విన్నపము మూలపత్రములను గూర్చినది. బూత్ పుస్తకములు నిలిచియుండుట చేతనే లండను వీధులను నేడు తిరిగి చదువగలుగుచున్నాము. 1950 నాటి యార్కు పత్రములు కొన్నియైనను మిగులుట చేతనే ఒక దేశమంతయు నమ్మిన నిర్ణయమును ముప్పది సంవత్సరముల తరువాత సవరింపగలిగిరి. మన విశ్వవిద్యాలయములందు విద్యార్థులు హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ వంటి నగరముల బస్తీలలో జరుపు కుటుంబ పరిశీలనల పత్రములను సిద్ధాంతవ్యాసము ముగియగనే పారవేయక, పేర్లు తొలగించి, గ్రంథాలయమున భద్రపరచినచో, మన తరువాత వచ్చువారు మన మానికను వారి మానికతో సరిచూచుకొనగలుగుదురు.